బట్టల డ్రయ్యర్: నీళ్ల లెక్క, కరెంటు లెక్క

రెండు దుప్పట్లు, మూడు తువ్వాళ్లు, ఒక జీన్స్ ప్యాంటు, రెండు మూడు చొక్కాలు. పొడిగా ఉన్నప్పుడు తూస్తే ఇంచుమించు నాలుగు కిలోలు. వాషింగ్ మెషీన్ ఆఖర్న గిరగిరా తిప్పి ఆగాక కూడా వీటిలో రెండున్నర లీటర్ల దాకా నీళ్లు మిగిలే ఉంటాయి. చేత్తో పిండితే చుక్క రాలదు గానీ, ఉంటాయి. డ్రయ్యర్ చెయ్యాల్సిన పనల్లా ఆ నీళ్లను ఆవిరి చేసి ఎక్కడికో ఒక చోటికి సాగనంపడం. ఆ వేడి ఎలా పుట్టిస్తుంది, ఆ ఆవిరిని ఎక్కడికి పంపుతుంది? మెషీన్ ధర, కరెంటు బిల్లు, గదిలో ఉక్క, బట్టల ఆయుష్షు అన్నీ ఈ రెండు ప్రశ్నల దగ్గరే తేలిపోతాయి. పద్నాలుగు ప్రోగ్రాములు, వైఫై, ఫోన్‌లో యాప్ లాంటివన్నీ తర్వాతి మాట.

ముందు ఒక చిక్కు విడదీయాలి. సెమీ ఆటోమేటిక్ మెషీన్లో పక్కనున్న చిన్న టబ్బునీ మనవాళ్లు డ్రయ్యర్ అనే అంటారు. అది నీళ్లు విదిలిస్తుంది, ఆరబెట్టదు. టాప్ లోడ్ మెషీన్లలో ‘ఎయిర్ డ్రై’ అని రాసి ఉండేది కూడా తిరిగే డ్రమ్ములోకి బయటి గాలి పీల్చే ఏర్పాటే, హీటర్ ఉండదు. షోరూమ్ కుర్రాడు "సార్, ఇందులో డ్రయ్యర్ ఉంది" అంటే "హీటర్ ఎన్ని వాట్లు?" అని అడిగి చూడండి. సమాధానం లేకపోతే అది మనం మాట్లాడుకుంటున్న డ్రయ్యర్ కాదు.

మనకు ఇది అసలు అవసరమా అంటే, ఏడాదిలో ఎనిమిది నెలలు కాదు. ఏప్రిల్లో హైదరాబాద్ డాబా మీద దండెం కడితే జీన్స్ ప్యాంటు కూడా మధ్యాహ్నం భోజనాల వేళకి పెళపెళలాడుతుంది. ఇబ్బంది జులై నుంచి మొదలవుతుంది. విశాఖ, కాకినాడల్లో అయితే సముద్రపు తేమ వల్ల వాన లేని రోజున కూడా తువ్వాలు సగం తడిగానే ఉంటుంది. నెల్లూరు వైపు అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాల వంతు. దీనికి తోడు ఫ్లాట్ల బతుకు ఉంది. ముందు బాల్కనీలో బట్టలు ఆరేస్తే అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఫొటో పడుతుంది. వెనక వాష్ ఏరియాలో ఆరేద్దామంటే పావురాలు, పక్క ప్లాటులో కడుతున్న టవర్ దుమ్ము. మూడోరోజుకీ ఆరని స్కూలు యూనిఫాం నుంచి వచ్చే ముక్క వాసనకు కారణం తడి ఒక్కటే కాదు. ఆ తడిలో పెరిగే బ్యాక్టీరియా, ముఖ్యంగా మొరాక్సెల్లా ఒస్లోయెన్సిస్ అనేది, బట్టల్లో మిగిలిన చెమట, జిడ్డు తిని ఆ వాసన పుట్టిస్తుంది. అత్తరు చల్లినా పోదు. బట్ట త్వరగా ఆరిపోతే దానికి పెరిగే వ్యవధి దొరకదు.

ముందు స్పిన్ సంగతి చూడండి

డ్రయ్యర్ కొనే ఆలోచన ఉన్నవాళ్లు మొదట చూడాల్సింది ఇంట్లో ఉన్న వాషింగ్ మెషీన్‌ని. నిమిషానికి 800 చుట్లు తిరిగే మెషీన్లో నూలు బట్టలు తమ బరువులో 70 శాతం దాకా నీటిని పట్టుకుని ఉంటాయి. 1,000 చుట్ల దగ్గర అది 60 శాతం. 1,400 చుట్లకు 50 శాతం దరిదాపుల్లోకి వస్తుంది. అంటే నాలుగు కిలోల బట్టల్లో 2.8 లీటర్లకూ రెండు లీటర్లకూ ఉన్న తేడా. లీటరు నీటిని ఆవిరి చెయ్యడానికి సుమారు 0.65 యూనిట్ల కరెంటు కావాలి. ఇది ప్రకృతి పెట్టిన రేటు, ఏ కంపెనీ తగ్గించలేదు. అదే లీటరును స్పిన్‌లో విదిలించడానికి అయ్యే కరెంటు లెక్కలోకి కూడా రాదు. చాలామంది ఇళ్లలో ఫ్రంట్ లోడ్ మెషీన్ 1,200 తిరగగలిగినా 800 మీదే పెట్టి ఉంటుంది, ‘బట్టలు పాడైపోతాయి’ అనే భయంతో. తువ్వాళ్లకీ దుప్పట్లకీ ఆ భయం అక్కర్లేదు. వాటిని పూర్తి వేగంతో, కావాలంటే మరోసారి ఒట్టి స్పిన్ పెట్టి, ఫ్యాను కింద ఆరేసి చూడండి. కొందరికి డ్రయ్యర్ అవసరం అక్కడితోనే తీరిపోతుంది.

ఇంకో మార్గం డీహ్యూమిడిఫయర్. చిన్న గది తలుపులు మూసి, లోపల స్టాండు మీద బట్టలు ఆరేసి, ఫ్యాను వేసి, దీన్ని నడిపితే గాలిలోని తేమను నీరుగా లాగి డబ్బాలో పోస్తుంది. లీటరుకు సుమారు అర యూనిట్ పడుతుంది. రాత్రి పెడితే తెల్లారేసరికి బట్టలు ఆరతాయి. చీర కూడా ఆరేయొచ్చు, ఏదీ ముడుచుకుపోదు. కోస్తాలో గోడలకు బూజు పట్టే ఇళ్లలో దానికీ పనికొస్తుంది. దీని గురించి షోరూముల్లో ఎవరూ నోరు విప్పరు.

ఆవిరి ఎక్కడికి పోతుంది

సరే, డ్రయ్యరే కావాలనుకుందాం. మార్కెట్లో మూడు జాతులున్నాయి.

వెంటెడ్ రకం అన్నిటికన్నా సీదా సాదా యంత్రం. గదిలో గాలి పీలుస్తుంది, రెండు కిలోవాట్ల దరిదాపు హీటర్ మీదుగా పంపి వేడి చేస్తుంది, తిరుగుతున్న బట్టల్లోంచి పోనిచ్చి, తేమతో బరువెక్కిన ఆ గాలిని నాలుగంగుళాల గొట్టం ద్వారా బయటికి నెట్టేస్తుంది. మన దేశంలో ఐఎఫ్‌బీ 5.5 కిలోల మోడల్ ఏళ్ల తరబడి అమ్ముతున్నది ఈ రకమే. తేలిగ్గా ఉంటుంది, గోడకు తగిలించుకోవచ్చు. పాడయ్యే భాగాలు తక్కువ, ఊళ్లో మెకానిక్ కూడా విప్పగలడు. చిక్కల్లా ఆ గొట్టమే. అది పొట్టిగా, వంపులు లేకుండా బయటికి పోవాలి. వంపు వంపుకీ గాలి వేగం తగ్గుతుంది, నూగు పేరుకుంటుంది. గొట్టం పెట్టకుండా మూసిన గదిలో నడిపితే రెండు లీటర్ల నీళ్లు గోడల మీదికి చేరతాయి. మన వాష్ ఏరియాలు చాలావరకు ఒక పక్క తెరిచే ఉంటాయి కాబట్టి ఈ చిక్కు సగం దానంతటదే తీరిపోతుంది. ఏసీ గదిలో మాత్రం పెట్టకూడదు. డబ్బు పోసి చల్లబరచుకున్న గాలిని బయటికి ఊదేస్తుంది.

కండెన్సర్ రకంలో గొట్టం ఉండదు. తేమ గాలిని లోపలే గది గాలితో చల్లబరిచి నీరుగా మార్చి ట్యాంకులో పడేస్తుంది. హీటర్ అదే, కరెంటూ ఇంచుమించు అంతే, పైగా ఆ వేడంతా గదిలోనే మిగులుతుంది. గది ఎంత వేడిగా ఉంటే ఆవిరి నీరుగా మారడం అంత కష్టం. చాలా కంపెనీల మాన్యువళ్లలో గది వేడి 5 నుంచి 35 డిగ్రీల మధ్య ఉండాలని రాసి ఉండేది అందుకే. మూసిన వాష్ ఏరియాలో ఇది నడుస్తుంటే లోపల నిలబడలేం. నన్నడిగితే, మన వాతావరణంలో కొనడానికి అన్నిటికన్నా తక్కువ కారణాలున్న రకం ఇదే.

మూడోది హీట్ పంప్. దీన్ని అర్థం చేసుకుంటే మిగతా రెండూ ఎందుకు అంత కరెంటు తాగుతాయో కూడా అర్థమవుతుంది. పైన చెప్పిన లెక్క ప్రకారం 2.4 లీటర్ల నీటిని ఆవిరి చెయ్యడానికి ఎంత లేదన్నా 1.6 యూనిట్లు పట్టాలి. హీటర్ డ్రయ్యర్‌కు వృథాతో కలిపి 2.5 దాకా అవుతుంది. హీట్ పంప్ మాత్రం ఒక యూనిట్ లోపు ముగిస్తుంది. మరి ప్రకృతి రేటు ఏమైంది? నీరు ఆవిరి కావడానికి ఎంత వేడి తీసుకుంటుందో, ఆవిరి మళ్లీ నీరయ్యేటప్పుడు అంత వేడీ తిరిగి ఇచ్చేస్తుంది. కండెన్సర్ రకం ఆ వేడిని గదిలో పారేస్తుంది, వెంటెడ్ రకం వీధిలో పారేస్తుంది. హీట్ పంప్ దాన్ని ఒడిసిపట్టి, ఫ్రిజ్‌లో ఉండే లాంటి కంప్రెసర్‌తో మళ్లీ బట్టల మీదికే పంపుతుంది. లోపల ఒకే గాలి గుండ్రంగా తిరుగుతూ ఒకచోట చల్లబడి నీరు వదులుతుంది, మరోచోట వేడెక్కుతుంది. మనం కొనే కరెంటు కంప్రెసర్‌కీ డ్రమ్ము తిప్పడానికే. వేడి కూడా 50, 60 డిగ్రీలు దాటదు కాబట్టి బట్టలకు మంచిది. అయితే పని నెమ్మది, రెండు మూడు గంటలు పడుతుంది.

యూరప్‌లో సరే, మన లెక్కో?

ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా ‘హీట్ పంపే కొనండి’ అనే ఉంటుంది. రాసేవాళ్ల తప్పు కాదు. స్విట్జర్లాండ్ 2012 నుంచే మిగతా రకాల అమ్మకం ఆపేసింది. యూరోపియన్ యూనియన్ మార్కెట్లోకి 2025 జులై 1 నుంచి కొత్తగా వచ్చేవి హీట్ పంప్ డ్రయ్యర్లే. అక్కడ చలికాలంలో బట్ట ఆరదు. పాత ఎనర్జీ లేబుల్ లెక్కే ఏడాదికి 160 సార్లు వాడతారని వేసుకున్నది. మన ఇంటి లెక్క వేరు.

వెంటెడ్‌కీ హీట్ పంప్‌కీ ధరలో ముప్పై నలభై వేల తేడా ఉంటుంది. ముప్పై వేలే అనుకుందాం. ఒక్కో వాయికి హీట్ పంప్ ఒకటిన్నర యూనిట్ మిగులుస్తుంది. యూనిట్ 9 రూపాయల శ్లాబులో ఉంటే పదమూడున్నర రూపాయలు. ముప్పై వేలు వెనక్కి రావాలంటే 2,200 వాయిలు ఆరబెట్టాలి. వానాకాలం నాలుగు నెలలు వారానికి మూడుసార్లు వాడే ఇంటికి ఏడాదికి యాభై వాయిలు, అంటే నలభై ఏళ్లకు పైమాట. యంత్రం అన్నేళ్లు ఉండదు. పసిపిల్లలతో, పెద్దవాళ్లతో, ఏడాది పొడుగునా వారానికి ఐదు వాయిలు వేసే ఇంట్లో అయితే ఎనిమిది, తొమ్మిదేళ్లు. అప్పుడు ఆలోచించొచ్చు. కాబట్టి వానలకు మాత్రమే వాడుకునే, వాష్ ఏరియా తెరిచి ఉన్న ఇంటికి చవకైన చిన్న వెంటెడ్ రకమే తెలివైన బేరమని నా లెక్క. హీట్ పంప్‌కు డబ్బు పెట్టాల్సింది కరెంటు ఆదా కోసం కాదు. గొట్టానికి దారి లేనప్పుడు, యంత్రం పెట్టేది ఇంట్లో గదిలోనే అయినప్పుడు, రోజూ వాడినప్పుడు పెట్టాలి.

ఈ లెక్కను తలకిందులు చేసే మెలిక ఒకటి తెలంగాణ బిల్లులో ఉంది. 2022-23 టారిఫ్ ప్రకారం నెలకు 100 దాటి 200 యూనిట్ల లోపు వాడితే మొదటి వందకు యూనిట్‌కు 3.40 రూపాయలు, తర్వాతి వందకు 4.80. 200 మీద ఒక్క యూనిట్ దాటినా ఇల్లు వేరే తరగతిలోకి వెళ్లిపోతుంది. మొదటి 200కూ 5.10 చొప్పున, ఆపైన 7.70 చొప్పున పడుతుంది. వానాకాలంలో ఏసీ ఆగిపోయి 180 యూనిట్ల దగ్గర ఉన్న ఇల్లు తీసుకోండి. ఫిక్స్‌డ్ ఛార్జీలు వదిలేస్తే బిల్లు 724 రూపాయలు. నెలకు 12 వాయిలు వెంటెడ్‌లో ఆరబెడితే 30 యూనిట్లు కలిసి 210 అవుతాయి, బిల్లు 1,097. అదే హీట్ పంప్‌లో 12 యూనిట్లే కలిసి 192 దగ్గర ఆగుతుంది, బిల్లు 782 లోపు. ఒకరికి 373 పెరిగింది, మరొకరికి 58. గృహజ్యోతి పథకం కింద జీరో బిల్లు వచ్చే ఇల్లయితే 200 దాటిన నెల మొత్తం బిల్లు కట్టాలి. ఆంధ్రలో శ్లాబులు మెట్లు మెట్లుగా పెరుగుతాయి, పై మెట్టు ఎక్కినా కింది యూనిట్ల రేటు మారదు కాబట్టి ఈ బెడద లేదు. డ్రయ్యర్ కొనేముందు కిందటేడు జులై, ఆగస్టు బిల్లులు బయటికి తీసి చూడమనేది ఇందుకే.

రెండూ ఒకే డబ్బాలో

చోటు లేనివాళ్లకు షోరూములో చూపించేది వాషర్ డ్రయ్యర్. ఉతికేదీ అదే, ఆరబెట్టేదీ అదే. ముందున్న స్టిక్కర్ జాగ్రత్తగా చదివితే ఉతకడానికి 8 కిలోలు, ఆరబెట్టడానికి 5 కిలోలు అని ఉంటుంది. నిండా ఉతికితే మధ్యలో మూడు కిలోల తడి బట్టలు బయటికి తీయాల్సిందే. అవి మళ్లీ దండేనికే. ఆరే లోపు మరో విడత ఉతకడానికీ కుదరదు. ఇక చాలా మోడళ్లు ఆవిరిని చల్లబరచడానికి కుళాయి నీళ్లు వాడతాయి. బట్టలు ఆరబెట్టడానికి బకెట్ల కొద్దీ నీళ్లు డ్రైనేజీలో పోయడం, అదీ మణికొండలోనో మియాపూర్‌లోనో ట్యాంకర్ కొనుక్కునే అపార్ట్‌మెంట్లో, మనసుకు ఎక్కే సంగతి కాదు. నీళ్లు వాడని మోడళ్లూ ఉన్నాయి, అడిగి తీసుకోవాలి. ఒంటరిగా ఉండేవాళ్లకీ, కొత్తగా పెళ్లైన జంటకీ ఇది సరిపోతుంది. నలుగురున్న ఇంట్లో ఆదివారం సాయంత్రానికి విసుగొస్తుంది.

విడిగా డ్రయ్యర్ కొంటే వాషింగ్ మెషీన్ మీదే ఎక్కించొచ్చు, కానీ అది ఫ్రంట్ లోడ్ అయి ఉండాలి, మధ్యలో దానికోసం అమ్మే స్టాకింగ్ కిట్ ఉండాలి. ఒకే కంపెనీవైతే కొలతలు కుదురుతాయి. హీట్ పంప్ యాభై కిలోల దాకా తూగుతుంది, దాన్ని ప్లైవుడ్ అల్మరా మీద పెట్టే సాహసం వద్దు. హీటర్ రకాలకు 16 ఆంపియర్ల సాకెట్, దానికి తగ్గ మందం వైరు కావాలి. గీజర్ లైన్లోంచే ఎక్స్‌టెన్షన్ బోర్డు లాగితే పొద్దున్నే రెండూ కలిసి ఎంసీబీని పడగొడతాయి. ఇన్వర్టర్ మీద ఏ రకమూ నడవదు. అన్నట్టు, ట్యాంకులో చేరే నీళ్లు స్వచ్ఛంగా కనిపిస్తాయి గానీ వాటిలో నూగు, సబ్బు మిగులు ఉంటాయి. డిస్టిల్డ్ వాటరే కదా అని ఇన్వర్టర్ బ్యాటరీలో పోయకండి.

టైమర్ ఉన్నదా, సెన్సర్ ఉన్నదా అని అడగండి. సెన్సర్ అంటే డ్రమ్ములో కనిపించే రెండు స్టీలు పట్టీలు. తడి బట్ట తగిలినప్పుడు వాటి మధ్య కొద్దిగా కరెంటు పారుతుంది, పారడం ఆగితే బట్ట ఆరినట్టు. టైమర్ మీద వదిలేస్తే ఆరిపోయిన బట్టల్ని ఇంకో అరగంట వేయిస్తుంది. బోరు నీళ్లతో ఉతికే ఇళ్లలో, కంఫర్ట్ లాంటివి ధారాళంగా పోసే ఇళ్లలో ఆ పట్టీల మీద పొర కట్టి లెక్క తప్పుతుంది. అప్పుడప్పుడు వెనిగర్ తడిపిన గుడ్డతో తుడిస్తే చాలు.

ఏవి వెయ్యొచ్చు, ఏవి వద్దు

తువ్వాళ్లు, దుప్పట్లు, లోదుస్తులు, పిల్లల బట్టలు, లుంగీలు, జీన్స్. వీటికోసమే డ్రయ్యర్ అనుకుంటే గొడవ ఉండదు. బట్ట మీది లేబుల్లో చతురస్రంలో వృత్తం ఉంటే డ్రయ్యర్‌లో వెయ్యొచ్చు, దానిమీద ఇంటూ గుర్తుంటే వద్దు, వృత్తంలో ఒక చుక్క ఉంటే తక్కువ వేడి. మన బట్టల్లో సగానికి లేబులే ఉండదనుకోండి. పట్టు, జరీ, గంజి పెట్టిన మంగళగిరి చీర, పోచంపల్లి ఇక్కత్ దీని జోలికే పోకూడదు. మామూలు నూలు చీరైనా ఐదున్నర మీటర్లు డ్రమ్ములో పడితే తాడులా పేనుకుని, మిగతా బట్టల్ని లోపల మూటగట్టేస్తుంది. బయట ఆరిపోతుంది, లోపల తడి అలాగే. పెద్ద దుప్పటీ అంతే, సగంలో తీసి విదిలించి వెయ్యాలి. లంగా బొందులు ముడేసి, హుక్కులు పెట్టేసి వెయ్యండి. డ్రమ్ము సగానికి మించి నింపొద్దు, బట్టలు ఎగిరి పడితేనే వాటి మధ్యనుంచి గాలి పోతుంది.

ప్రతిసారీ తలుపు దగ్గరి వలలోంచి బూడిదరంగు దూది పొర ఒకటి ఊడొస్తుంది, వేలితో చుడితే చాపలా వచ్చేస్తుంది. అది మురికి కాదు, మీ తువ్వాళ్లలోంచి రాలిన నూగు. దాన్ని తీయకపోతే గాలి ఆడదు, బట్ట ఆరదు. అంతకన్నా పెద్ద సంగతి, అది నిప్పంటుకుంటే భగ్గుమంటుంది. డ్రయ్యర్ ఇంటింటా ఉండే అమెరికాలో 2008-2010 మధ్య ఏటా సుమారు 2,900 ఇళ్లలో డ్రయ్యర్ల వల్ల మంటలు లేచాయని అక్కడి ఫైర్ అడ్మినిస్ట్రేషన్ లెక్క. మొదటి కారణం శుభ్రం చెయ్యకపోవడమే, 34 శాతం. అక్కడ అద్దె ఇంట్లో దిగే మనవాళ్లు వల ఒక్కటే కాదు, గోడలోంచి బయటికి పోయే గొట్టాన్ని కూడా ఎప్పుడు శుభ్రం చేశారో ఓనర్‌ని అడగడం మంచిది. హీట్ పంప్‌లో కింద ఇంకో వల, దాని వెనక సన్నని రేకులు ఉంటాయి. వాటిని చేత్తో తుడుచుకునే వీలున్న మోడల్ తీసుకోండి. ‘తనంతట తానే కడుక్కుంటుంది’ అనే మోడళ్లలో అవి లోపల మూసేసి ఉంటాయి, ఒకసారి మూసుకుపోతే మెకానిక్ రావాల్సిందే.

మన ఇళ్లలో మరీ జాగ్రత్త పడాల్సింది నూనె గుడ్డల దగ్గర. పొద్దుతిరుగుడు నూనె పీల్చిన మసిగుడ్డ, పసిబిడ్డకు నువ్వుల నూనె రాసి తుడిచిన తువ్వాలు ఒక ఉతుకుకు పూర్తిగా వదలవు. అలాంటి నూనెలు గాలిలోని ఆక్సిజన్‌తో కలుస్తూ సొంతంగా వేడి పుట్టిస్తాయి. వేడివేడిగా కుప్పగా పడి ఉంటే ఆ వేడి బయటికి పోక, మెషీన్ ఆగిన తర్వాత కూడా రాజుకోవచ్చు. ఆఖరి పది నిమిషాలు హీటర్ ఆపి ఒట్టి గాలి తిప్పేది అందుకే. ఆ పది నిమిషాలు తొందరపడి ఆపకూడదు. మధ్యలో కరెంటు పోతే వచ్చేదాకా చూద్దామని వదిలేయకుండా, వెంటనే తలుపు తీసి, బట్టలు బయటికి లాగి, విడివిడిగా పరచాలి.